ఓడమల్లన్న ఋణం

"ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న" అన్నారు పెద్దలు. రేవు దాటించినవాణ్ణి మరచిపోవడం తప్పని అందరం ఒప్పుకుంటాం. కాని ఓడమల్లన్నకు కూలి పూర్తిగా ముట్టజెప్పాం. అప్పుడు కూడా ఋణం మిగులుతుందా?

కరీబియన్ సముద్రంలో గ్రెనడా దేశానికి చెందిన కారియకూ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం సుమారు 34 చదరపు కిలోమీటర్లు. అక్కడి విండ్‌వర్డ్ గ్రామంలో, స్కాట్లాండు నుంచి వచ్చి స్థిరపడినవారి వారసులు సముద్రపు ఒడ్డునే చెక్క పడవలు కడతారు. కట్టిన పడవను నీళ్లలోకి దించడం ఊరంతటికీ పండుగ. ఆసరా గుంజలను గొడ్డళ్లతో కొద్దికొద్దిగా నరుకుతూ పడవను మెల్లగా పక్కకు ఒరిగిస్తారు. ఆపైన జనమంతా మోకులు పట్టి సముద్రంలోకి లాగుతారు. లాగినవాళ్లందరికీ ఆ పడవలో వాటా ఉండదు. అయినా వాళ్లు లేనిదే అది ఒడ్డున పడి ఉన్న కలప మాత్రమే.

2024 జూలై 1న బెరిల్ తుపాను ఈ దీవి మీదనే విరుచుకుపడింది. ఇళ్లలో అత్యధిక భాగం దెబ్బతిన్నాయి. పడవలూ విరిగాయి.

ఆ తరువాతి నెలల్లో అక్కడ పడవ బాగుచేయించుకున్న ఒక విదేశీ యాత్రికుణ్ణి ఊహించుకోండి. పడవ మళ్లీ నీళ్లలో తేలింది. కూలి లెక్క తీరింది. వెళ్లేముందు దీవి ఒకసారి చుట్టి వద్దామని బండెక్కాడు. దారి పొడుగునా టార్పాలిన్ కప్పిన ఇళ్లు. తన పడవకు పలక బిగించినవాడి ఇల్లూ వాటిలో ఉంది. అతను ఎవరికీ అన్యాయం చేయలేదు. మరి అక్కడికి రాగానే కళ్లెందుకు దించుకుంటాడు?

అసలు రాకపోతే బాగుండేదా? అప్పుడు ఆ వడ్రంగికి ఆ కూలీ లేదు. జాలిపడి నాలుగు నోట్లు చేతిలో పెడితే? పనివాణ్ణి బిచ్చగాణ్ణి చేసినట్టవుతుంది.

నాకు తోచేది ఇది. కూలి పనికి వెల. తన ఇంటికి కప్పు లేకుండానే మన పడవకు పలక బిగించాడే, ఆ ఓర్పుకు వెల కట్టలేం. దానికి బదులు తీర్చే దారి ఆ ఊరివాళ్లే చూపించారు. ప్రయాణం ఒక్కరోజు ఆపి, ఆ ఇంటి ముందు నిచ్చెన పట్టుకుని నిలబడవచ్చు. మోకు పట్టిన చేతికి మోకు పట్టడమే బదులు.