చావని చేప

పొలంలో కొట్టిన పురుగుమందుకు చెరువులో చేపలు చచ్చి తేలితే అయ్యో పాపం అంటాం. తేలకపోతే నిశ్చింతగా ఉంటాం. కాని తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు 1970లలోనే, చేపలను చంపనంత కొద్ది మోతాదు మిథైల్ పారాథియాన్ కలిపిన నీటిలో ఉంచి, వాటి అవయవాల్లో ఎంజైములను పరిశీలించారు. ఈ జాతి మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి. నరాల సందేశం ఆగవలసినచోట ఆగదు. చేప ఈదుతూనే ఉంటుంది. సత్తువ మాత్రం సన్నగిల్లుతుంది.

చంపలేదు కనుక హాని చెయ్యలేదనవచ్చునా? 1969లో మిషిగన్ రాష్ట్రం డి.డి.టి. అమ్మకాన్ని ఆపినప్పుడు, సరస్సులో సాల్మన్ చేపలు బతికే ఉన్నాయి. వాటి కొవ్వులో విషం పేరుకుంది.

మన నోవైలో పచ్చికపై చల్లిన మందు వానకు కొట్టుకుపోయి రూజ్ నదిలో కలవవచ్చు. తిండిగింజలు కాపాడుకునే రైతుకైనా ఒక అవసరముంది. పచ్చిక అందంకోసం చల్లే మనం ఏం సమాధానం చెబుతాం?