మాత్రకు భయం, కత్తికి ధీమా

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాయునది.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, నెలసరి ఒకసారి ఇరవై రోజులకూ ఇంకోసారి రెండు నెలలకూ వస్తోందనీ, ఆఫీసు మీటింగులో ఉన్నట్టుండి మెడ నుంచి మాడు దాకా ఆవిర్లు కమ్ముతున్నాయనీ మొన్న ఫోనులో చెప్పావు. డాక్టరమ్మ హార్మోన్ల మాట ఎత్తితే ఇంట్లోవాళ్లు ‘అమ్మో, కేన్సర్’ అని బెదరగొట్టారట. అదే నోటితో ‘ఆ గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది’ అని సలహా కూడా ఇచ్చారట. మాత్రకు అంత భయపడే ఇల్లు కత్తికి ఇంత ధీమాగా ఎలా ఉంటుందో మీ పెద్దమ్మకు ఎప్పటికీ అర్థం కాదు. ఫోనులో తేలే సంగతి కాదు గనక కాగితం మీద పెడుతోంది.

ముందు కత్తి సంగతి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మొదటి రెండు స్థానాలూ మనవే. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 34 ఏళ్లు దాటలేదు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అది జరిగింది ప్రైవేటు ఆసుపత్రిలో. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. వాటికి మందులున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. నిజంగా ఆపరేషన్ తప్పనివాళ్లూ ఉంటారు, కాదనడం లేదు. కానీ ఇన్ని లక్షలమందికి ఇంకో దారి చూపించారా అన్నది అనుమానమే.

పైగా, తీసేసినా ఆవిర్లు తగ్గవు. అవి పుట్టేది మెదడులో, ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్‌లో. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అక్కడి నాడీకణాలు అతిగా స్పందిస్తాయి. ఒంటి వేడి రవ్వంత పెరిగినా చర్మం కింది రక్తనాళాలు వెడల్పై చెమట దిగకారుతుంది. ఇందులో గర్భసంచి పాత్ర లేనే లేదు. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా రావలసిన మార్పు ఒక్కరోజులో వచ్చి మీద పడుతుంది. ముప్ఫై అయిదేళ్లకే అలా జరిగినవాళ్లకు ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు కూడా వయసుకు ముందే ఎదురవుతాయి.

నీ వయసు నలభై ఆరు కాబట్టి ఇది తొందరపడి వచ్చిందేమీ కాదు. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46-47. పాశ్చాత్య దేశాలలో 51. వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. దానికి ముందు కొన్నేళ్ల పాటు హార్మోన్లు ఎండాకాలపు కరెంటులా ఒక్కసారి ఎగసి ఒక్కసారి పడిపోతుంటాయి. అందుకే నలభై అయిదు దాటినవారికి ఈ దశ నిర్ధారించడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష అక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2015లోనే చెప్పింది. ఈ వారం ఒక అంకె, పై వారం ఇంకో అంకె వస్తుంది. ఆ డబ్బులు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలకు పెట్టు. సగం నీరసం అక్కడే దొరకవచ్చు.

ఇక మాత్ర మీద భయం. దానికి పుట్టిన తేదీ ఉంది: 2002 జులై. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో 16,608 మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రనో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి చూస్తూ, నష్టం ఎక్కువగా కనిపించి ఆ నెలలో అర్ధంతరంగా ఆపేశారు. రొమ్ము కేన్సర్ 26 శాతం పెరిగిందని ప్రపంచమంతా పత్రికలు అచ్చువేశాయి. డాక్టర్లు చీటీలు రాయడం మానేశారు, స్త్రీలు మాత్రలు చెత్తబుట్టలో పారేశారు.

ఆ 26 శాతం అసలు లెక్క ఇదీ. మాత్ర వేసుకోని పదివేలమందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము కేన్సర్ వస్తే, వేసుకున్న పదివేలమందిలో 38 మందికి వచ్చింది. ఎనిమిదిమంది ఎక్కువ. ఆ ఎనిమిదిమందిలో ఎవరికైనా అది చిన్న సంగతి కాదు, కానీ ఇంటింటా వ్యాపించిన భయానికీ ఈ అంకెకూ పొంతన లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి: అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆవిర్లతో తల్లడిల్లే నలభైల్లోని స్త్రీ ఆ పరిశోధనలో లేనే లేదు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగాన్ని 2004లో పక్షవాతం ముప్పు కారణంగా ఆపారు. వారిలో మాత్రం రొమ్ము కేన్సర్ పెరగలేదు. పద్దెనిమిదేళ్లు గమనించి 2017లో ప్రకటించిన లెక్కలోనూ హార్మోన్లు తీసుకున్నవారిలో మొత్తం మరణాలు పెరగలేదు. ఈ మందుల మీద 2003 నుంచి ఉన్న ఘాటైన హెచ్చరికను తీసేస్తున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది.

అది చూసి అమృతం దొరికిందని గంతులేయనక్కర్లేదు. 1966లో అమెరికా డాక్టరొకాయన ఈస్ట్రోజెన్‌తో స్త్రీలు కలకాలం పడుచుగా ఉంటారని పుస్తకమే రాసి ఊరించాడు. ఈస్ట్రోజెన్ ఒక్కటే మింగినవారికి గర్భసంచి పొర కేన్సర్ పెరుగుతోందని 1975లో బయటపడింది. అందుకే గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. ఇప్పుడు ఈస్ట్రోజెన్‌ను చర్మానికి రాసుకునే జెల్‌గా, అంటించుకునే ప్యాచ్‌గా కూడా ఇస్తున్నారు. మాత్రతో ఉండే రక్తం గడ్డకట్టే ముప్పు వీటితో పెరిగినట్టు కనిపించలేదు. అరవై లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువన్నది నేటి వైద్యుల మాట. రొమ్ము కేన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, కాళ్లలో రక్తం గడ్డకట్టినవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవారికి ఈ దారి సాధారణంగా మూసే ఉంటుంది. వారికి హార్మోన్ లేని మందులున్నాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు చిన్న మోతాదులో ఆవిర్లనూ తగ్గిస్తాయి. మూత్రంలో మంట, యోనిలో పొడితనం మాత్రమే బాధిస్తే అక్కడే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము చాలు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా దాచేది ముఖ్యంగా ఈ బాధనే.

ఒక సంగతి ఎవరూ చెప్పరు: ఈ దశలో కూడా గర్భం రావచ్చు. హార్మోన్ చికిత్స గర్భనిరోధకం కాదు.

‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, ఓర్చుకోలేదూ’ అనే పెద్దవాళ్లు ఎదురవుతారు. ఓర్చుకున్నారు, నిజమే. తెల్లవారుజామున తడిసిన జాకెట్టుతో లేచి, కారణం తెలియని కోపం పిల్లల మీద చూపించి, తమను తామే తిట్టుకున్నారు. అమెరికాలోనే చాలా ఏళ్లు సాగిన మరో అధ్యయనంలో, ఆవిర్లు తరచుగా వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగా ఉన్నాయి. ఏడేళ్ల నిద్ర పోగొట్టుకోవడం త్యాగమేమీ కాదు, దానివల్ల ఇంట్లో ఎవరికీ పైసా లాభం లేదు. అలాగని పక్కింటావిడ వాడుతోందని నువ్వూ వాడకు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లు. బీపీ, మామోగ్రామ్, ఇంట్లో ఎవరికే జబ్బులున్నాయో చూసి, నీకు లాభమెంత, ముప్పెంత అని అంకెలతో అడుగు. నిర్ణయం మాత్రం నీ నోట రావాలి. మందు వాడినా వాడకపోయినా రోజూ నడక, కాస్త బరువులెత్తడం మానకు, ఎముకలకు అది కావాలి. నెలసరి ఆగిన ఏడాది తరవాత ఒక్క చుక్క కనిపించినా ఆ వారమే చూపించుకో.

ఇంకొకటి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చే నెల గర్భసంచి ఆపరేషనని సెలవడిగిందన్నావు. ముప్ఫై ఎనిమిదేళ్లట. స్కానింగులో ఏముంది, మందులు వాడి చూశారా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని ఆమె అడిగి ఉండదు. ఎవరూ చెప్పీ ఉండరు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం ఆమె దాకా నడిచి రాదు. ఒక పూట సెలవు పెట్టి, ఆమె కాగితాలన్నీ తీసుకుని, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించు. అడ్వాన్సు కట్టేసిందేమో కూడా కనుక్కో. కట్టేసి ఉంటే, ఆ డబ్బు వెనక్కి అడగడానికి పెద్దమ్మ కూడా వస్తుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ