పంటి మీది రాత

తెలుగులో ‘పాపం’ అన్న మాట రెండు పనులు చేస్తుంది. తప్పుకూ అదే, జాలికీ అదే. కిడ్నీలు చెడిన ఒక పిల్లకున్న గుంటలు పడ్డ, రంగు మారిన పళ్లు చూసి ‘పాపం!’ అన్న నోరే మరుక్షణం ‘ఏ జన్మలో ఏం చేసుకుందో’ అంటుంది. నుదుటి రాత ఎవరికీ కనబడదు గనుక దానిమీద ఎంతైనా వాదించవచ్చు. పంటి రాత అలాంటిది కాదు. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల ఎనామిల్ దాదాపు పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్లలోపు తయారవుతుంది. దాన్ని కట్టే కణాలు పన్ను బయటికొచ్చేసరికి మిగలవు, అందుకే లోపం తనంతట తాను పూడదు. విటమిన్ డి ఒంటికి పనికొచ్చే రూపం పొందడానికి మూత్రపిండం కావాలి. అది చెడితే కాల్షియం, ఫాస్ఫేట్ల లెక్క తప్పి, అప్పుడు ఏర్పడుతున్న పొర పలచబడుతుంది. అలా పలచబడిన చోట పడ్డ గీత ఏ పంటి మీద, ఏ ఎత్తులో ఉందో చూసి దెబ్బ ఏ వయసులో తగిలిందో దంతవైద్యులు అంచనా కడతారు. ఆ వయసు ఈ జన్మదే.

కారణం శరీరంలో ఉన్నా, ఆ శరీరం ఈ పిల్లకే ఎందుకు వచ్చిందని కర్మవాది అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. కానీ నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లన్నీ ఒకేలా మచ్చలు తేలితే, ఊరి పిల్లలంతా కలిసి ఒకే తప్పు చేశారనాలా? పైగా కర్మ సిద్ధాంతం చేతులు ముడుచుకోమని చెప్పలేదు. మహాభారతం అనుశాసన పర్వంలో దైవాన్ని విత్తనంతో, మనిషి ప్రయత్నాన్ని పొలంతో పోల్చారు. వరి పండించే రైతుకు దీని అర్థం విప్పి చెప్పనక్కర్లేదు. మంచి విత్తనమైనా దున్నని మడిలో మొలవదు.

పళ్లు బాగుచేయించమంటే వచ్చే ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది: పానం మీదికొస్తే పండ్ల ముచ్చటెందుకు? డయాలిసిస్‌కు తిరిగే ఇంట్లో ఈ మాట నిర్దయ కాదు, అలసట. అయితే చిగుళ్లలో దాగిన చీము, కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేటప్పుడు ప్రాణానికే ముప్పు. అందుకే మార్పిడికి ముందే నోరు బాగుచేయిస్తారు. మరో చిత్రం ఉంది. జబ్బు ముదిరినప్పుడు ఉమ్మిలో పెరిగిన యూరియా ఆమ్లాన్ని తగ్గిస్తుంది. గార పేరుకున్నా పుచ్చు తక్కువగానే ఉండవచ్చు. కొత్త కిడ్నీ పనిచేయగానే ఆ కాపుదల పోతుంది, పలచటి ఎనామిల్ మాత్రం అలాగే ఉంటుంది.