చెప్పితిమి గదా!

గాలివాన వెలిసిన మరునాడు మన నోట తరచుగా వచ్చు మాట ఒకటి యున్నది. "ముందే చెప్పితిమి గదా!" అనునదే ఆ మాట. అది అబద్ధము కాదు. మనము చెప్పినదియు నిజమే, వారు విననిదియు నిజమే. అయినను ఆ మాట పలికిన పిమ్మట మనము చేయవలసినది ఏమైనను మిగిలియున్నదా, లేక దానితో మన పని తీరిపోయినదా? ఈ ప్రశ్న 2018వ సంవత్సరము మొదలుకొని నన్ను విడువకున్నది.

మందస ప్రాంతమునకు ఒక ప్రక్క మహేంద్రగిరి, మరియొక ప్రక్క బంగాళాఖాతము. నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనము వంటి నేల గనుకనే దీనికి ఉద్దానమని పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ యేట అక్టోబరు 8వ తేదీన సముద్రములో వాయుగుండము ఏర్పడి, రెండు దినములలో అతి తీవ్రమైన తుపానుగా మారెను. దానికి తిత్లీ అని పేరు. తిత్లీ యనగా సీతాకోకచిలుక. ఎవరి కెంత ముద్దైన పేరో! 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకును అయిదున్నరకును మధ్య అది పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. విసురు 165 వరకు పోయెను.

హెచ్చరిక లేదని ఎవరును అనజాలరు. రేడియోలోను, టీవీలోను, చేతిలోని ఫోనులోను, వీధిలోని దండోరాలోను అదే మాట. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు సుమారు పదివేలమంది ప్రాణములు పోయెను. పారిపోవుటకు వారికి వేళయు లేదు, చోటును లేదు. తిత్లీ నాడు మన తీరమున జరిగిన ప్రాణనష్టము దానితో పోల్చదగినది కాదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములును, తీరమున కట్టిన తుపాను రక్షణ భవనములును, రాత్రంతయు మేలుకొనిన ఉద్యోగులును చేసిన ఈ మేలును తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత.

అయితే ఆ బుధవారము సాయంకాలము నేనును ఒక తీరపు పల్లెకు పోయి, మా సంఘములోని ఒక ముసలి విధవరాలిని బడి భవనమునకు రమ్మని బ్రతిమాలితిని. ఆమె రాలేదు. మూడవ దినమున, దారికి అడ్డముగా పడిన చెట్లను దాటుకొనుచు కాలినడకను మరల ఆ పల్లె చేరితిని. ఆమె పొరుగింటి స్లాబు క్రింద తలదాచుకొని బ్రదికియుండెను. ఆమె యింటికి కప్పు లేదు. ఇరువది కొబ్బరిచెట్లలో మూడు నిలిచియుండెను. తక్కినవి మెడలు విరిగి పడియుండెను. సిగ్గుపడుచు చెప్పుచున్నాను, నేను ఆమెతో పలికిన మొదటి మాట, "చెప్పితిని గదా అమ్మా" అనునదే.

ఆమె కోపపడలేదు. "సెప్పినారు అయ్యగారూ, ఇన్నాను. గేదెను ఒగ్గేసి ఎలాగ వచ్చీది బాబూ? అదొక్కటే నాకు" అనెను.

నేను మారుపలుకలేకపోతిని. బడి భవనములో గేదెకు చోటు లేదని నాకు తెలియును. తెలిసియే ఆమెను రమ్మంటిని.

ఆ వారములోనే మా పెద్దల కూటములో ఒక చర్చ వచ్చెను. కరెంటు స్తంభములు పడిపోయినందున మోటార్లు ఆడక, త్రాగునీటికే జనులు అలమటించుచున్న దినములవి. మా యొద్ద చేరిన బియ్యపు బస్తాలు కొద్ది, ఇండ్లు అనేకము. ఒక పెద్ద లేచి, "మాట విని బడికి వచ్చినవారికి మొదట ఇత్తము. విననివారు తమ మొండితనము ఫలము తామే అనుభవింతురు గాక. లేనియెడల రాబోవు తుపానుకు ఎవడు కదలును?" అనెను. ఆయన కఠినుడు కాడు. ఆయనయే తన యిల్లు విడిచి బడికి వచ్చి, తిరిగి పోవునప్పటికి వంటపాత్రలు దొంగల పాలైనవాడు. విధేయతకు తనకు కలిగిన బహుమానము అది. ఆయన న్యాయమును తేలికగా త్రోసివేయరాదు. యెహెజ్కేలు గ్రంథములోని కావలివాడు బూర ఊదినయెడల, విననివాని రక్తమునకు తాను ఉత్తరవాది కాడను మాట కూడ అప్పుడు వినబడెను. నేనును సగము ఒప్పుకొంటిని.

ఆ రాత్రి నిద్ర పట్టక అపొస్తలుల కార్యములలో పౌలు ఓడప్రయాణమును చదివితిని. అది చలికాలపు హెచ్చరిక కథయే. ఉపవాసదినము గడచిపోయెను, సముద్రయానమునకు కాలము మించెను. మంచిరేవులను చోటనే నిలుచుట మేలని పౌలు చెప్పగా, శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఇది అంత అవివేకము కాదు సుమా! ఖైదీ మాటకంటె ఓడ నడుపువాని మాట నమ్మదగినదని ఎవరైనను తలంతురు. పైగా ఆ రేవు చలికాలము గడుపుటకు తగినది కాదు. దక్షిణపుగాలి మెల్లగా విసరుచుండెను. ఇంకేమి కావలెను? మన జాలరులును ఇట్లే. వచ్చునని చెప్పిన తుపానులలో కొన్ని వేరొక తట్టునకు మళ్లుటను వారు చూచియున్నారు. ఒక్క దినము వల వేయకున్న ఎంత నష్టమో వారి కెరుకయే.

పెనుగాలి వచ్చిన పిమ్మట పౌలును మనవలెనే, నా మాట వినవలసి యుండెనని చెప్పెను. చదువరీ, ఇక్కడ కొంచెము నిలిచి చూడుము. ఆయన ఆ మాట గట్టుమీద నిలిచి అనలేదు, అదే ఓడలో, వారివలెనే తడిసి, ఆకలిగొని యనెను. దానితో ఊరకుండలేదు. ధైర్యము చెప్పెను, రొట్టె విరిచి వారిచేత తినిపించెను. ఓడలోనున్న రెండువందల డెబ్బది ఆరుగురిలో ఎవరు తన మాట వినిరో ఎవరు వినలేదో లెక్కించి పంచలేదు. ఓడ బద్దలై వారు ఒడ్డు చేరగా, మెలితే ద్వీపవాసులు వానకును చలికిని నిప్పు రాజబెట్టి చేర్చుకొనిరి. ఇట్టి కాలమున ఏల బయలుదేరితిరని వారు అడిగినట్లు వ్రాయబడలేదు.

అయినను మా పెద్ద అడిగిన ప్రశ్నకు ఇది చాలిన జవాబు కాదు. అందరికిని సమానముగా ఇచ్చినయెడల వచ్చేసారి ఎవడు కదలును? నేను ఆలోచింపగా ఇట్లు తోచినది. మనుష్యుడు ఇల్లు విడువనిది హెచ్చరికను నమ్మక కాదు, హెచ్చరించినవానిని నమ్మక. తాను విడిచిన దానిని ఎవరు కాచెదరు? పోయినదానిని ఎవరు తిరిగి నిలిపెదరు? ఈ రెంటికి ఉత్తరము లేనివాడు గేదె మెడ పట్టుకొని కూర్చుండును. కావున తుపాను తరువాత మనము చేయు సాయము ఈ తుపానుకు ముగింపు మాత్రమే కాదు, రాబోవు హెచ్చరికలో సగభాగము. ఈ యేట చేయి విడిచినవాడు పై యేట ఎంత గట్టిగా చాటించినను వినువారుండరు.

హెచ్చరిక అందరికి ఒకే రీతిగా చేరదను సంగతియు మరువరాదు. తీరము దాటిన తిత్లీ ఈశాన్యమునకు మళ్లి ఒడిశా కొండలపై కుండపోతగా కురిసెను. గజపతి జిల్లాలోని బరఘర వద్ద వానకు జడిసి కొండగుహలో దూరినవారు, కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా మరణించిరి. సముద్రము దాపున నున్నవారిని ఖాళీ చేయించితిమి. కొండమీదివారికి ఏమి చెప్పితిమి? వారిని గూర్చి "చెప్పితిమి గదా" అనుటకు ఎవరికి నోరు వచ్చును?

ఇక చెట్ల మాట. మనుష్యులను బడికి తరలింపవచ్చును గాని కొబ్బరిచెట్టును తరలింపలేము. మొక్క నాటిన పిదప కాపుకు ఆరేడు సంవత్సరములు పట్టును. ఆ మీదట రెండు తరములవారు దాని కాయ తినవచ్చును. పడిన చెట్టుకు 1,500 రూపాయలు పరిహారమని ప్రకటించిరి. మరుసటి యేట దానిని 3,000కు పెంచిరి. ఇచ్చినందుకు వందనములే. కాని బియ్యము ఒక నెలలో అయిపోవును, డబ్బు ఒక యేడులో అయిపోవును, మొక్క కాపుకు వచ్చువరకు నడుమనున్న సంవత్సరములలో ఆ యింటివారిని ఎవరు పలుకరింతురు? లారీలు రెండు వారములు వచ్చెను. పిమ్మట రాలేదు. తోట చదును చేయుటకు, పడిన మానులు కోసి తీయుటకు, మొక్కకు నీరు పోయుటకు దాపున నున్నవారే దిక్కు.

మరుసటి కూటములో బస్తాలు ఇండ్ల లెక్కను పంచుటకు తీర్మానించితిమి. ఆ పెద్ద అడ్డు చెప్పలేదు గాని మరియొక సంగతి పట్టుబట్టెను. జనులు బడికి పోయినప్పుడు వీధులకు కాపలా యుండవలెను, పశువులకు ఎత్తయిన చోట ఒక పాక వేయవలెను అనెను. వంటపాత్రలు పోగొట్టుకొనినవానికి గాక ఈ మాట మరెవరికి తోచును? బడి వెనుక మెరకమీద యువకులు పాక వేసిరి. అది చూడ చక్కనిదేమి కాదు, పాత రేకులును సరుగుడు కర్రలును.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను వచ్చెను. అది ఆదివారము. ఆ రాత్రి అది కళింగపట్నమునకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున తీరము దాటినది. ఆరాధన ముగించుకొని మధ్యాహ్నమునకు నేను ఆ పల్లెకు పోవునప్పటికి, ముసలామె నాకంటె ముందుగా బడి వెనుక నిలిచియుండెను. ఒక చేత గేదె పలుపు, మరియొక చేత గడ్డిమోపు. "దీన్నెక్కడ కట్టమంటారు అయ్యగారూ?" అని నన్ను అడిగెను.