విహారంలో ఎవరిని చూస్తున్నాం?



సెలవులొస్తే విశాఖలో కొన్ని కుటుంబాలు అండమాన్ ప్రయాణం తలపెడతాయి. మన రేవులో ఓడ ఎక్కితే రెండు రోజులకు పైగా సముద్రమే. చేరే ఊరు పోర్ట్‌బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. కొబ్బరి చెట్లు, తేటనీళ్లు, పగడపు దిబ్బలు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసి అలసినవారికి ఇంతకంటే ఏం కావాలి?

"ఆ డబ్బు పేదలకివ్వకూడదా?" అని అడిగేవారుంటారు. మంచి ప్రశ్నే. కాని విశ్రాంతి పాపం కాదు. తినడానికైనా తీరిక లేని శిష్యులను క్రీస్తు ప్రభువు విశ్రాంతి కోసమే పడవలో ఏకాంత స్థలానికి తీసుకువెళ్లారు (మార్కు సువార్త, 6వ అధ్యాయం). ఒడ్డున జనం కనిపించగానే కనికరపడ్డారు. విశ్రాంతికి వెళ్లినచోట కూడా ఆయన కళ్లు మూసుకోలేదు.

ఆ ఊరికి ఎదురుగా ఒక చిన్న దీవి ఉంది. 2018 వరకు అది రాస్ ఐలండ్. ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1858లో ఖైదీల చేత అడవి కొట్టించి బ్రిటిషు దొరలు అక్కడ కాపురం పెట్టారు. బంగళాలు, నాట్యశాల, రొట్టెల బట్టీ, చివరికి చర్చి కూడా కట్టుకున్నారు. నీళ్లకవతల, 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో గదికొక మనిషి. పగలంతా కొబ్బరి గానుగ. ఆ జైలు కట్టకముందే, 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడిన మన మన్యం మనుషులను కూడా ఆ దీవులకు పంపారు. హింసించిన పాపం ఎలాగూ ఉంది. ఆ మూలుగుల పక్కనే విందు రుచించడం మరో పాపం కాదా?

మనం దొరలం కాము. అయినా ఆ ప్రశ్న మనల్నీ వదలదు. పడవ నడిపేవాడు, హోటల్ గది ఊడ్చే ఆమె, జంగ్లీఘాట్‌లో చేపలమ్మే తెలుగు మత్స్యకారులు మనకు కనబడుతున్నారా? శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లి అక్కడ స్థిరపడినవారెందరో. వారితో మాట కలపండి. పది రూపాయల దగ్గర బేరమాడి వారి పొట్ట కొట్టకండి. జైలు గదుల ముందు నిలబడినప్పుడు అది ఏమిటో పిల్లలకు చెప్పండి. ఆనందం తగ్గదు, కృతజ్ఞత తోడవుతుంది.

అండమాన్ వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. కాని పై ఊళ్లవారికి మన విశాఖ తీరమే విహారస్థలం. ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ బీచికి వెళ్లండి. తెల్లవారుజామున ఆ ఇసుక ఊడ్చేవారెవరో, ఒక్కసారి తలచుకోండి.