దశావతారాలూ డార్విన్ పాఠమూ

సందేహం: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహుడు, వామనుడు అనే వరుసలోనే పరిణామ సిద్ధాంతం ఉందంటారు. అలాంటప్పుడు బడిలో డార్విన్ పాఠం అవసరమా? అది ధర్మవిరుద్ధం కాదా?

సమాధానం: పాఠం అవసరమే, ధర్మవిరుద్ధమూ కాదు. తరచూ వినబడే ఈ సందేహంలో రెండు చిక్కులు కలిసిపోయాయి.

మొదటిది అవతారాల వరుస. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి సైతం డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మెరుగన్నారు. భాగవతం తెరిస్తే ఈ వాదం నిలవదు. ప్రథమ స్కంధంలోని అవతారాల లెక్కలో సనకాదులు మొదట వస్తారు. వరాహం రెండోది, మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. పైగా వరుసలో ఒకరి తరువాత ఒకరైన పరశురాముడూ శ్రీరాముడూ రామాయణంలో ఎదురెదురుగా నిలిచారు. ధర్మరక్షణ కోసం వచ్చిన అవతారాలకు జీవజాతుల పుట్టుకను అంటగట్టడం భక్తి అనిపించుకోదు. సైన్సు ముద్ర పడితే తప్ప పురాణం నిలవదన్న అపనమ్మకమే అందులో కనిపిస్తుంది.

రెండోది ప్రమాణాల హద్దు. ప్రత్యక్షానుమానాలకు, అంటే చూపుకూ తర్కానికీ, అందని విషయాల్లోనే శ్రుతి ప్రమాణం. నిప్పు చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా చెల్లదని శంకరాచార్యులు గీతాభాష్యం పద్దెనిమిదో అధ్యాయంలో తేల్చారు. శిలాజాలు, అవయవాల పోలికలు, జన్యువులు ప్రత్యక్షానుమానాలకు అందేవే. వాటి సంగతి జీవశాస్త్రం చెప్పాలి. ఆత్మ, మోక్షం సంగతి వేదాంతం చెబుతుంది.

బడిలో ఈ పాఠం మీద తగవు అమెరికాలో ముదిరింది. మనిషి పుట్టుకపై బైబిల్ కథను కాదనే బోధనను టెనెసీ రాష్ట్రం 1925లో నిషేధించింది. డేటన్ పట్టణంలో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి 100 డాలర్ల జరిమానా పడింది. పై కోర్టు దాన్ని సాంకేతిక కారణంతో కొట్టేసినా, చట్టం మాత్రం 1967 దాకా ఉంది. బ్రహ్మకు ఒక పగలే 432 కోట్ల ఏళ్లని లెక్కగట్టిన సంప్రదాయానికి ఆ తగవును అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తీసేసింది. చదువు భారం తగ్గించడానికేనని, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందని చెప్పింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యాభిమానులు అభ్యంతరం తెలిపారు. వారి బాధ న్యాయమైనదే. పది తరువాత ఎంపీసీకో కామర్సుకో వెళ్లే పిల్లలకు ఆ పాఠం ఇక ఎదురుపడదు.

పిల్లలకు మత్స్యావతార కథ చెప్పవలసిన చోటు ఇల్లు. అక్కడ పోతన భాగవతం అటక మీద పెట్టి, బడిలో డార్విన్ వద్దనడం వల్ల ధర్మానికి ఒరిగేదేమీ లేదు.