సగములో నిలిచిన ఇల్లు

ధ్యాన భాగములు: 2 రాజులు 12:4–15, మత్తయి 18:15–17



మన గ్రామములలో పాకలు పోయి పక్కా ఇండ్లు లేచుచున్నవి. అది దేవుని కృపయే. అయితే ఇండ్లతోపాటు ఒక తగాదాయు లేచుచున్నది. "సొమ్మంతయు తీసికొని మేస్త్రి పని విడిచిపోయెను" అని ఇల్లు కట్టించుకొనువాడు అనును. "చేసిన పనికే రావలసినది రాలేదు, ఇంక చేతినుండి పెట్టి ఎట్లు చేయుదును?" అని మేస్త్రి అనును. శ్లాబు పడిన ఇల్లు పూత లేక, తలుపులు లేక నిలిచిపోవును. ఒక కుటుంబము వానకాలమంతయు పట్టా క్రింద వంట చేసికొనును. ఇద్దరును మన సంఘస్థులే అయినయెడల, ప్రభు భోజనపు ఆదివారమున వారిలో ఒకరు మందిరమునకు రారు.

ఇది నేటి తగాదా మాత్రమే కాదు. యెరూషలేము దేవాలయము విషయములోనే ఇట్టిది జరిగెను. ఏడేండ్ల ప్రాయమున సింహాసనమెక్కిన యోవాషు రాజు, మందిరమునకు వచ్చు సొమ్ముతో శిథిలమైన చోట్లను బాగుచేయించుడని యాజకులకు అప్పగించెను. సొమ్ము వచ్చుచునే యుండెను. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను మందిరము బాగుపడలేదు. యాజకులు దొంగిలిరని లేఖనము చెప్పుటలేదు. సొమ్ము వచ్చెను, పని జరుగలేదు, అంతమట్టుకే చెప్పుచున్నది. మన తగాదాలును తరచుగా ఇట్టివే. దొంగ ఎవడో తేలదు. ఇల్లు మాత్రము సగములోనే యుండును. రాజు దీనిని చక్కపరచిన విధములో మనము మూడు సంగతులు నేర్చుకొనవలెను.

1. అతడు వారినే పిలిచి అడిగెను

రాజు తన కొలువులో యాజకులనుగూర్చి చెప్పుకొనుచు కూర్చుండలేదు. ప్రధానయాజకుడైన యెహోయాదాను, మిగిలిన యాజకులను పిలిపించి, ఎందుకు బాగుచేయలేదని ముఖాముఖిగా అడిగెను. మన ప్రభువును ఇదే మార్గమును నియమించెను. తప్పు చేసిన సహోదరునియొద్దకు మొదట ఒంటరిగా వెళ్లవలెను. అతడు వినని యెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లవలెను. అప్పటికిని వినని యెడల సంఘమునకు తెలుపవలెను.

మనము చేయునదేమి? మొదట టీకొట్టు దగ్గర చెప్పుదుము. పిమ్మట బంధువులకు చెప్పుదుము. ఊరంతయు తెలిసిన తరువాత చివరకు ఆ మనుష్యుని చెవిని బడును. అప్పటికి అతడు జవాబు సిద్ధపరచుకొనియుండును, మనస్సు మూసికొనియుండును. సహోదరుడా, నీ మేస్త్రి ఇంటికి సాయంకాలము నీవే నడిచి వెళ్లుము. "అన్నా, పని ఎందుకు ఆగినది? నీ కష్టమేమి?" అని అడుగుము. మేస్త్రీ, ఇంటివారు ఫోను చేసినప్పుడు తీయకుండుట నీకు తగదు. పని చేయలేని స్థితి యున్నయెడల పోయి చెప్పుము. నీవు మౌనముగా నున్న ప్రతి దినమును వారు నిన్ను మోసగాడని తలంతురు.

2. అతడు లెక్కను వెలుగులోనికి తెచ్చెను

ఇకమీదట జనులయొద్ద సొమ్ము తీసికొనము, బాగుచేయించు బాధ్యతయు మాకు వద్దని యాజకులు ఒప్పుకొనిరి. యెహోయాదా ఒక పెట్టెకు మూతలో రంధ్రము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. పెట్టె నిండినప్పుడెల్ల రాజుయొక్క లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి ఆ సొమ్ము లెక్కించిరి. దానిని తూచి పని పైవిచారణకర్తల చేతికిచ్చిరి. వారు వడ్రంగులకును, కట్టువారికిని, తాపీపనివారికిని, రాళ్లు కొట్టువారికిని చెల్లించిరి. మ్రానులకును రాళ్లకును వెచ్చించిరి. లెక్కించినవారు ఇద్దరు అని గమనించుడి. ఒక్కని జ్ఞాపకముమీద దేవుని మందిరపు లెక్క నిలువలేదు.

మనలో గుత్త తరచుగా నోటిమాటగానే జరుగును. "మనవాడే గదా, కాగితమెందుకు?" అందుము. ఆ తరువాత మెట్లు కట్టుమందుము, గది రెండడుగులు పెంచుమందుము, ఇంకొక అలమర వేయుమందుము. ఇవి మొదటి గుత్తలోనివని ఇంటివాడును, కావని మేస్త్రియు అనుకొందురు. ఇంతలో ఇనుము ధర పెరుగును. ఇద్దరును నిజమే చెప్పుచుందురు గాని, ఇద్దరి లెక్కలును కలియవు.

కనుక తగాదా వచ్చినప్పుడు అరచుట మాని కొలత టేపు తీసికొనుడి. ఇంటివాడు నమ్మినవానిని ఒకనిని, మేస్త్రి నమ్మినవానిని ఒకనిని, ప్రక్క ఊరి మేస్త్రిని ఒకనిని పిలువుడి. మూడు పద్దులు వ్రాయుడి: అయిన పని ఎంత, మిగిలిన పనికి ఎంత ఖర్చగును, ఇంతవరకు ముట్టిన సొమ్ము ఎంత. సిమెంటు, ఇనుము ఎవరు కొనిరో వ్రాయుడి. గుత్తలో లేకుండ పెరిగిన పనిని వేరుగా వ్రాయుడి. పిమ్మట ఇద్దరును సంతకము చేయుడి. ఇట్లు చేసిన చోట సగము కోపము అక్కడనే చల్లారును.

బురుజు కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో సెలవిచ్చెను. ఆ మాట ఇద్దరికిని తగులును. చేతిలోని సొమ్ముకు మించిన ఇల్లు మొదలుపెట్టినవానికి తగులును. పని తనకే రావలెనని చాలని ధరకు ఒప్పుకొని, ఒక ఇంటి బయానాతో మరియొక ఇంటి ఖర్చు తీర్చు మేస్త్రికిని తగులును.

3. అతడు పనివారికి మొదటి స్థానమిచ్చెను

ఆ సొమ్ముతో వెండి గిన్నెలైనను, బంగారు పాత్రలైనను అప్పుడు చేయింపలేదు. అది పనివారికే ఇచ్చిరి. పని ముగిసిన తరువాత మిగిలిన దానితోనే పాత్రలు చేయించిరని 2 దినవృత్తాంతములు 24వ అధ్యాయము తెలుపుచున్నది. దేవుని మందిరమునకే అలంకారము తరువాతిది, కూలి మొదటిది. అట్లయినచో మేస్త్రికి బాకీ పెట్టి, ఖరీదైన ద్వారబంధము తెచ్చి, ఊరందరికి విందు చేసి గృహప్రతిష్ఠ ప్రార్థన జరిపించుకొను ఇంటిని దేవుడెట్లు చూచును? పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని ఇల్లు కట్టుకొనువానికి శ్రమ అని యిర్మీయా (22:13) ఒక రాజునకే చెప్పెను.

ఈ తగాదాలో మూడవవాడొకడు కలడు. ఇసుక మోసిన స్త్రీ, తట్ట అందించిన చిన్నవాడు. ఇంటివాడు మేస్త్రికి ఆపును, మేస్త్రి కూలికి ఆపును. సాయంకాలము బియ్యము కొనలేనిది ఆమె. బీదవాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24:14–15) ఆజ్ఞాపించినది. మీ లెక్క తేలకపోయినను, మొదట కూలీల బాకీ తీర్చుడి. ఇద్దరును చెరి సగము వేసికొనియైనను తీర్చుడి. తరువాత మిగిలిన పనికి భాగములు ఏర్పరచుకొని, ఒక్కొక్క భాగము ముగిసినప్పుడు ఒక్కొక్క మొత్తము చెల్లించుడి. ప్రభుత్వపు గృహ పథకములలోను సొమ్మును ఇట్లే దశలవారీగా విడుదల చేయుచున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడుటకంటె నష్టము సహించుట మేలని పౌలు కొరింథీయులకు (1 కొరింథీ 6) వ్రాసెను. ఈ మాటను ఎవడును తనకు తానే చెప్పుకొనవలెను గాని, బలవంతుడు బీదవానికి చెప్పకూడదు. "సంఘములోనివాడవు, ఓర్చుకొనుము" అని కూలివాని నోరు మూయుట శాంతి కాదు. సంఘపెద్దలు చెప్పినను వినని వాడున్నయెడల, మండల న్యాయసేవా కమిటీని ఆశ్రయించి లోక్ అదాలతుకు పోవుట పాపము కాదు. 1987 నాటి చట్టము ప్రకారము అక్కడ కోర్టు ఫీజు లేదు; ఉభయులు సమ్మతించిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలమున్నది. అన్యాయము కలిగినప్పుడు పౌలును కైసరుకు చెప్పుకొనెను గదా (అపొ. కార్యములు 25:11).

చివరి సంగతి. ఆ పైవిచారణకర్తలు నమ్మకముగా నడచుకొనిరి గనుక వారిని లెక్క అడుగలేదని 15వ వచనము చెప్పుచున్నది. రాజు యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను పని జరుగని చోటనే అంత నమ్మకము పుట్టెను! సొమ్మును ఇద్దరు కలిసి లెక్కించిన పిమ్మట, కూలి సరిగా ముట్టిన పిమ్మట ఆ నమ్మకము వచ్చెను. చెడిన స్నేహము మన మధ్యను ఈ మార్గమున మరల కట్టబడగలదు.

అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము అక్కడనే విడిచి మొదట సమాధానపడుటకు వెళ్లవలెనని ప్రభువు ఆజ్ఞ. కనుక రాబోవు ప్రభు భోజనమునకు ముందు, మీ మధ్య సగములో నిలిచిన పని ఏదైన ఉన్నయెడల, ఈ వారమే పోయి కొలిచి, వ్రాసి, చెల్లించి, ముగించుడి. పెద్దలారా, వారు పిలుచువరకు ఆగక మీరే పోయి వారిని కలుపుడి.

ప్రార్థన: తండ్రీ, వడ్రంగివాని ఇంట పెరిగిన నీ కుమారుని నామమున వేడుచున్నాము. మా చేతుల పనిని నమ్మకమైనదిగాను, మా చెల్లింపును న్యాయమైనదిగాను చేయుము. గోడలు కట్టుకొని సహోదరులను పోగొట్టుకొనకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.